దిద్దని గీత

ఆ ఉదయం చెత్తబుట్ట ఖాళీ చేస్తున్న అమ్మ ఒక్క కేక పెట్టింది. ప్రెస్సు గదిలోంచి కూతురు సిరా చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. బుట్ట అడుగున నాన్న వేసుకోవాల్సిన మాత్రలున్నాయి. పది రోజులవి!

"చెయ్యి బాగైపోయిందట, ఇంక మందులెందుకని కసిరారు. అందుకే నిన్న మెట్ల మీద తూలారు! నేను పట్టుకోకపోతే ఏమయ్యేదో," అంది అమ్మ.

కూతురికి అర్థమైంది. ఆ తప్పు తనది.

నాన్న పేరున్న చిత్రకారుడు. రెండేళ్ల క్రితం చెయ్యి వణకడం మొదలయ్యాక కుంచె వదిలేసి, మైనం పూసిన రాగి రేకుల మీద సూదితో బొమ్మలు గీస్తున్నారు. గీతల వెంట రాగిని తినేసే యాసిడ్‌లో రేకును ముంచి, సిరా పూసి అచ్చు తీసేది కూతురే. ముంచేముందు వంకరపోయిన గీతల్ని మైనంతో పూడ్చేసి, ఆయనకు తెలియకుండా తనే తిన్నగా గీసేది. ఆయన మొహం చిన్నబోకూడదని. పెద్దాయన చెయ్యి మళ్లీ కుదిరిందని పత్రికలు రాశాయి. ఆయనా నమ్మేశారు.

"ఏంటి, తల్లీకూతుళ్ల గుసగుసలు?" నాన్న గుమ్మంలో నిలబడ్డారు.

కూతురు సిరా చేతులు తుడుచుకుంది. చెబితే నాన్న మళ్లీ సూది పట్టరు. చెప్పకపోతే ఏ మెట్ల మీదో...

"నాన్నా, నీ చెయ్యి బాగవలేదు. ఆ గీతలు నేను దిద్దాను."

"ఎన్ని బొమ్మల్లో?"

"పదకొండు."

"అన్నీనా!" ఆయన కుర్చీలో కూలబడ్డారు. "నన్ను పసివాణ్ని చేశావే!"

ఆయన ప్రెస్సు గది వైపు చూశారు.

"నిన్న గీసిన రేకు ముట్టుకున్నావా?"

"ఇంకా లేదు."

"ముట్టుకోకుండా అచ్చు తియ్యి."

మధ్యాహ్నానికి రేకు మీంచి తడి కాగితం పైకి లేచింది. కునుకు తీస్తున్న అమ్మ బొమ్మ. ప్రతి గీతా వణికింది. కూతురు తలెత్తలేకపోయింది.

అమ్మ కళ్లజోడు సర్దుకుంది. "ఇదిగో, ఇది నేను! నువ్వు దిద్దిన వాటిల్లో పడుచుపిల్లలా ఉన్నానే. ఈ ముడతలన్నీ ఎటు పోయాయా అనుకున్నా."

నాన్న ఫక్కున నవ్వారు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు.

"నాకూ భయమే తల్లీ," అన్నారు కూతురి చెయ్యి పట్టుకుని. "ఇంకెప్పుడూ నాకు అబద్ధం చెప్పకు. ఆ మాత్ర ఇలా తే."

ఆమె మాత్ర ఇచ్చి, నీళ్ల గ్లాసు అందించింది. ఆయన చేతిలో నీళ్లు తొణికాయి. ఈసారి ఆమె పట్టుకోవడానికి చెయ్యి చాపలేదు. ఆయనే తాగారు.