తోకబండి దీపం

బేతంచెర్లలో మా ఇంటి అరుగు మీద ఎప్పుడు చూసినా తెల్లటి రాతిదుమ్ము పరుచుకుని ఉండేది. పొద్దున ఊడిస్తే మధ్యాహ్నానికి మళ్లీ అంతే. నాపరాళ్ల ఊరికి అది మామూలే. నాకు పెండ్లయి మూడేండ్లు. మా ఆయన ఒక గని సావుకారు దగ్గర కారు తోలేవారు. యుద్ధం జరుగుతున్న రోజులవి. లారీలు మిలిటరీకి పోయాయి. కోసిన బండలు గనిలోనే పేరుకుపోతున్నాయి. అప్పుడు సావుకారు ఒక పాత లారీ ఇరుసు తెప్పించి, దాని మీద వడ్రంగితో కట్టెపెట్టె కట్టించి, తన కారు వెనక తగిలించమన్నాడు. ఊళ్లో అందరూ దాన్ని తోకబండి అనేవారు.

ఆ శుక్రవారం మా చెల్లెలి పెండ్లికి నేను పాణ్యం పోవాలి. ఆయన ఎటూ నంద్యాలకు బండలు తోలుతున్నారు కాబట్టి దారిలో నన్ను మా అమ్మగారింట్లో దించేటట్టు మాట. జుమ్మా నమాజు నుంచి వచ్చి, అన్నం కూడా సరిగ్గా తినకుండా, తోకబండికి వెనక దీపం బిగించడానికి కూర్చున్నారు.

"ఎద్దులబండికి కట్టినట్టు దీనికీ ఒక లాంతరు కడితే పోదా?" అని అడిగాను.

ఆయన కారు కింద వెల్లకిలా పడుకునే జవాబు చెప్పారు. "నేను బ్రేకు తొక్కితే లాంతరుకు తెలుస్తాదా? నేను ఆగినానని ఎనకొచ్చేవాడికి తెలియాల. కారు దీపం ఈ పెట్టె సాటున పడిపోయె. అందుకే పెట్టె ఎనక ఇంకోటి."

కారుకైతే ఒక్క వైరు చాలట, రెండో దారి దాని ఇనుప ఒళ్లేనట. తోకబండి కట్టెది కాబట్టి దానికి కరెంటు పోను ఒకటి, రాను ఒకటి కావాలట. రెండు వైర్లను జడ మాదిరి మెలేసి, కారు దీపం దగ్గర కలిపి నల్లపట్టీ చుట్టి, పెట్టె కింది నుంచి లాగి, చివరన ఒక లారీ దీపం బిగించారు. ఎర్ర అద్దం దానికి.

పని అయ్యాక నన్ను తన సీట్లో కూర్చోబెట్టి బ్రేకు ఏదో చూపించారు. ఆ కారులో పక్కలకూ, వెనక అద్దానికీ నల్లటి తెరలు ఉండేవి, సావుకారు ఇంటి ఆడవాళ్ల గోషా కోసం కట్టినవి. లోపల కూర్చుంటే వెనక ఏం జరిగేదీ కనపడదు. అందుకని ఆయన ఒక ఏర్పాటు చేశారు. నేను తొక్కినప్పుడు దీపం వెలిగితే పెట్టె చెక్క మీద ఒకసారి తడతారు. వెలగకుంటే రెండుసార్లు.

నేను తొక్కాను. ఒక్క తట్టు. వదిలి మళ్లీ తొక్కాను. ఒక్క తట్టు.

పక్కింటి సుంకులమ్మ చేటలో కొర్రలు చెరుగుతూ చూస్తోంది. "ఏం గుల్షనూ, నువ్వు తొక్కితే ఆయప్ప తట్తాండాడా, ఆయప్ప తట్టితే నువ్వు తొక్కుతాండావా?"

"నవ్వించొద్దు సుంకులక్కా, కాలు జారుతాది."

"మా ఆయప్పకు గూడా అట్లాంటి దీపమొకటి కట్టియ్యమని చెప్పు తల్లీ. పొద్దు గూకితే యాడ ఆగుతాండాడో ఎర్రగా కనపడ్తాది."

పెట్టె వెనక నుంచి ఆయన నవ్వు వినిపించింది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

పొద్దు గూకినాక మగ్రిబ్ నమాజు చదువుకుని బయలుదేరాం. అమావాస్య. ఊరు దాటగానే చీకటి కారును మింగినట్టయింది. ముందు దీపాల వెలుతురులో దుమ్మూ, కంపచెట్లూ తప్ప ఏమీ లేవు. పెట్రోలు వాసన, ఎండుగడ్డి వాసన. వెనక బండలు ఒకదాని మీదొకటి నూరుకుంటున్న చప్పుడు, ఎవరో నిద్రలో పండ్లు కొరుకుతున్నట్టు. ఎర్రమల కొండల సందులోకి దారి ఎక్కింది. కొండను కోసి వేసిన దారి అది. రెండు పక్కలా రాతిగోడలే.

ఎదురుగా ఒక గడ్డిబండి వచ్చింది. తోలేది మాకు తెలిసిన ఓబులేసే. కష్టం మీద పక్కకు ఒత్తుకుని మాకు దారిచ్చాడు. మేం దాటిపోయాక వెనక నుంచి కేక వేశాడు.

"ఓ అప్పా! నీ తోకకు దీపం లేదు సూస్కో!"

ఆయన నాలుక కరుచుకున్నారు. కొంచెం పైకి తోలి, దారి చదునుగా ఉన్న చోట ఆపి, ఇంజను ఆర్పారు. బ్యాటరీ తగ్గిపోతుందని ముందు దీపాలు కూడా ఆర్పేశారు. నా పక్క తలుపు రాతిగోడకు ఆనుకుని ఉంది. ఆయన పక్కది మనిషి ఒత్తుకుని దిగేంత మాత్రమే తెరుచుకుంది.

"నా సీట్లోకి జరుగు మే. మధ్యాన్నం మాదిరే. తొక్కు అంటే తొక్కు, వదులు అంటే వదులు. దిగొద్దు, పురుగూ పుట్రా ఉంటాయి."

లాంతరు వెలిగించుకుని వెనక్కి పోయారు.

"తొక్కు!"

తొక్కాను. రెండు తట్లు.

"వదులు. ఇంకోసారి!"

రెండు తట్లు. తర్వాత ఏదో గొణుక్కున్నారు. "ఉండు" అన్న మాట ఒక్కటే నాకు తెలిసింది.

ఉన్నాను. తెర సందులో లాంతరు వెలుతురు కాసేపు కదిలి, తర్వాత లేకుండా పోయింది. పెట్టె కింద దూరి చూస్తున్నారేమో అనుకున్నాను. దరూద్ ప్రార్థన చదువుతూ వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. ఒక చెయ్యి అయిపోయింది. రెండో చెయ్యి అయిపోయింది. కీచురాళ్లు అరుస్తున్నవి అరుస్తున్నట్టే ఆగిపోయాయి. అప్పుడే కోసిన పచ్చిరాయి వాసన వచ్చింది. గనిలో తప్ప ఆ వాసన రాదు. తోకబండిలో ఉన్నవి నెలల తరబడి ఎండిన బండలు.

"ఇదో, వింటాండారా?" అన్నాను.

"తొక్కు" అని వెనక నుంచి.

ఆయన గొంతే. ప్రాణం కుదుటపడింది. తొక్కాను.

ఒక్క తట్టు.

వెలిగింది! పక్క తెర అంచు నుంచి చూస్తే వెనక మలుపులో రాతిగోడ ఎర్రగా కనపడింది. అల్‌హమ్దులిల్లా అనుకుని కాలు తీయబోయాను.

"వదలొద్దు."

"ఎందుకు? అయిపోలేదా?"

"వదలొద్దు మే."

పట్టుకున్నాను. ఆ బ్రేకు గట్టిది. కాసేపటికే పిక్క పీకడం మొదలయింది. రెండో కాలు కూడా దాని మీద పెట్టాను. వెనక ఏ పనీ జరుగుతున్న చప్పుడు లేదు. పట్కారు చప్పుడు లేదు, దగ్గు లేదు. గోడ మీద ఎరుపు మాత్రం అట్లాగే ఉంది.

"కాలు నొస్తాండాది... వదిలేదా?"

"ఆరిపోతే ఎనకొచ్చేవాడికి నేను కనపడను."

ఆ మాట మామూలు మాటే. కానీ ఆయన ఎప్పుడూ 'బండి కనపడదు' అనేవారు. వెనక్కి తిరిగి చూశాను. నల్లటి తెర. దాని వెనక అద్దం. దాని వెనక...

అప్పుడే నా కుడి పక్క తలుపు అవతల, చెయ్యి చాస్తే అందేంత దగ్గర, చెప్పుల చప్పుడు.

"దొరికింది మే. వైరు మొత్తం కంపకు తగులుకుని ఊడొచ్చింది. రెండు ఫర్లాంగులు ఎనక్కి నడిచినా. ఈ కాలంలో ఇది పోతే మళ్లా యాడ తెచ్చేది?"

ఆయన గొంతే.

పక్క తెర సందులో నుంచి ఒక చుట్ట నా ఒళ్లో పడింది. తడిమి చూశాను. జడ మాదిరి మెలేసిన రెండు వైర్లు. ఒక కొసన నల్లపట్టీ ఇంకా అంటుకునే ఉంది.

వైరు నా ఒళ్లో ఉంది. దీపం వెనక వెలుగుతూ ఉంది.

"లాంతరు యాడ?" అన్నాను.

"గాలికి ఆరిపాయ. అదేమి, బ్రేకు ఎందుకు తొక్కి పట్టినావు? కాలు తియ్యి."

వెనక నుంచి, మెల్లగా...

"తీయొద్దు మే."

ఆ మాట పక్క మనిషి విన్నాడో లేదో నాకు తెలియదు. చీకట్లో ముఖం కనపడదు. రెండు గొంతులూ ఒక్కటే. పలుకూ ఒక్కటే. ఒకటి నా మొగుడు. రెండోది ఏమిటో అల్లాకే తెలియాలి. నేను తలుపు తెరిస్తే ఎవరు ఎక్కుతారు? ఎవరిని ఈ కొండ సందులో వదిలేసి పోతాను?

భయమేసినప్పుడు చదివే ఆయతుల్ కుర్సీ మొదలుపెట్టాను. సగంలో మర్చిపోయాను. చిన్నప్పటి నుంచి చదివింది, ఒక్క ముక్క గుర్తు రాలేదు. కాళ్లు వణుకుతున్నాయి. గోడ మీద ఎరుపు కూడా వణుకుతోంది.

మా ఇండ్లల్లో ఆడది మొగుడి పేరు పలకదు. పలికితే ఆయన ఆయుష్షు తరుగుతుందని మా అత్త నాకు పెండ్లినాడే చెప్పింది. మూడేండ్లలో ఒక్కసారి కూడా పలకలేదు. 'ఇదో', 'వింటాండారా', అంతే. ఆ పిలుపుకు ఎవరైనా పలకవచ్చు. నేను పిలుస్తున్నది ఎవరినో ఆ పిలుపులో లేదు కదా.

కండ్లు మూసుకున్నాను. బిస్మిల్లా అనుకున్నాను. ఆయన పేరు పెట్టి గట్టిగా పిలిచాను.

వెనక నుంచి వెంటనే వచ్చింది. "ఆ... ఈడే ఉండా."

పక్కన మాత్రం ఊపిరి బిగపట్టిన చప్పుడు. తర్వాత, "ఏందే! నా పేరు పెట్టి పిలుస్తాండావా నువ్వు? నీకేమన్నా పిచ్చి పట్టిందా?"

కోపం. సిగ్గు. రోషం. మూడేండ్లు కాపురం చేసిన మనిషికి తప్ప అవి రావు.

కాలు తీసేశాను.

చీకటి కమ్మింది. గోడ మాయమయింది. నేను తలుపు తీసి, పక్కకు దూకినట్టే జరిగి, ఆయన చొక్కా పట్టుకుని లోపలికి లాగాను. "ఎనక ఎవరో ఉండారు" అని ఆయన చెవిలో అన్నాను. ఆయన ఏదో అనబోయారు. అప్పుడు వెనక తోకబండి చెక్క మీద తట్టిన చప్పుడు. రెండుసార్లు.

ఆయన స్టార్టరు నొక్కారు.

బ్యాటరీ సత్తువ అయిపోయింది. ఇంజను పలకలేదు. హ్యాండిలు తిప్పాలి. అది కారు ముందర. "కండ్లు మూసుకో, దువా చదువు" అని చెప్పి ఆయన మళ్లీ దిగారు. ముందర ఆయన హ్యాండిలు తిప్పుతున్న చప్పుడు వింటూనే ఉన్నాను. వెనక కూడా వింటూనే ఉన్నాను. రెండు తట్లు, పెట్టె మీద. రెండు తట్లు, పెట్టెకు ఇవతల, కారు వెనక రేకు మీద. రెండు తట్లు... నా తల వెనక, తెర అవతలి అద్దం మీద.

మూడో తిప్పుకు ఇంజను అందుకుంది. ఆయన ఎక్కారు. కదిలాం.

బయటపడ్డామనుకున్నాను. కానీ అక్కడి నుంచి పాణ్యం దాకా అంతా దిగుడు. వెనక బండల బరువు తోస్తోంది. ఆయన బ్రేకు తొక్కారు. వెనక గోడ ఎర్రబారింది. ఒక్క తట్టు.

"తొక్కొద్దు..." అన్నాను.

"తొక్కకుంటే లోయలో పడతాం."

తొక్కిన ప్రతిసారీ వెలిగింది. వెలిగిన ప్రతిసారీ తట్టింది, చెప్పిన పని చేస్తున్నట్టు, ఒక్కసారి కూడా తప్పకుండా. ఆ వైరు చుట్ట నా ఒళ్లోనే ఉంది. దాన్ని రెండు చేతులా పట్టుకున్నాను. పాణ్యం రైలుగేటు దగ్గర లాంతరు కనపడే దాకా దాన్ని వదలలేదు.

గేటు దగ్గర ఆపి, గేటు మనిషిని తోడు తీసుకుని వెనక్కి పోయి చూశారు. ఎవరూ లేరు. ఎర్ర అద్దం మీద చెయ్యి పెట్టి చప్పున వెనక్కి తీసుకున్నారు. కాలిందట.

మరుసటి రోజు నికా అయ్యాక, చుట్టాలందరూ దావతు తింటున్నప్పుడు, ఆయన నన్ను పెరట్లోకి పిలిచారు. రాత్రంతా నిద్రపోలేదని ఆయన కండ్లు చెబుతున్నాయి.

"నా పేరు ఎత్తినావని నిన్ను తిట్టినా కదా."

"తప్పు నాదే. ఇంకెప్పుడూ ఎత్తను" అన్నాను.

"అది కాదు మే. నేను వైరు కోసం ఎనక్కి నడుస్తాంటే, ఆ చీకట్లో, నాకన్నా ముందర నుంచి పిలిచినావు. కారు ఎనకుండాది, నీ గొంతు ముందర ఉండాది. నా పేరు పెట్టి, రెండుసార్లు. నువ్వు పేరెత్తవని నాకు తెలుసు. అందుకే పలకలే. అందుకే ఇంకో అడుగు ముందరికి వెయ్యలే. తెల్లారి గేటు మనిషిని కనుక్కున్నా. ఆ సోట దారి పక్కన పాడుబడిన గని ఉండాదంట. అరవై అడుగుల లోతంట."

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. లోపల ఎవరో నవ్వుతున్నారు, పళ్లేల చప్పుడు.

"ఉత్త పేరేనా?" అని అడిగాను. ఎందుకు అడిగానో నాకు తెలియదు.

ఆయన పెరటి తలుపు దగ్గరగా వేశారు.

"కాదు. 'తొందరగా రా, బిడ్డ ఏడుస్తాండాది' అన్నావు."

మాకు అప్పటికి పిల్లలు లేరు. నాకు నెల తప్పిందన్న సంగతి ఆ తర్వాత ఇరవై రోజులకు గానీ నాకే తెలియలేదు.