తొంభై ఏడుకు పెట్టిన టిక్కు

స్కూల్ బస్సు కొండాపూర్ సిగ్నల్ దగ్గర ముప్పావుగంటగా కదలడం లేదు. ఆ సిగ్నల్ సంగతి మీకు తెలుసో లేదో. ఊగే పన్ను ఉన్నవాడు అక్కడ ఆగితే, పచ్చలైటు పడేలోపు పన్ను ఊడి కొత్తది మొలుస్తుంది.

కిటికీ పక్కన కూర్చుని నవ్య 9991ని భాగిస్తోంది. ఆరో తరగతిలో కనకలక్ష్మి మేడమ్ ఇద్దరిద్దరికి ఒక్కో సంఖ్య ఇచ్చారు. అది ప్రధాన సంఖ్యో కాదో తేల్చాలి. వంద వందలు పదివేలు. 9991 అంతకన్నా తక్కువే. కాబట్టి వందలోపున్న ఇరవై అయిదు ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే చాలు. చూసిన ప్రతిదానికీ టిక్కు పెట్టాలి.

43 దాకా ఆమె జతగాడు ఓంకార్ వంతు. 47 నుంచి నవ్య వంతు.

59తో భాగిస్తే 20 మిగిలింది. 61తో 48. 67తో 8. నవ్య ఆవులించింది. అది చూసి డ్రైవర్ ఆవులించాడు. ఆయన్ని చూసి పక్క క్యాబ్ డ్రైవరూ ఆవులించాడు. ఆ ఆవలింత నార్సింగి దాకా పోయి ఉంటుంది.

ముందు సీట్లోంచి ఓంకార్ తిరిగి చూశాడు. "అయినయా? నేనైతే అన్నీ చూసిన. ఒక్కదాంతోని గూడ పోలే."

ఇంకా ఆరు మిగిలాయి. ఇన్నిటితో పోనిది వీటితో మాత్రం పోతుందా? నవ్య టకటకా ఆరు టిక్కులు పెట్టేసింది.

"అయిపోయాయిరా. ప్రధాన సంఖ్యే."

"అయితే రేపు నేనే చెప్త!" అన్నాడు, ఎన్నడూ బోర్డు మొహం చూడని ఓంకార్.

మర్నాడు వాడు బోర్డు మీద పెద్దగా రాశాడు: 9991 ప్రధాన సంఖ్య.

"అన్నిటితో చూశారా?" అడిగారు మేడమ్.

"చూసినం మేడమ్."

వెనక బెంచీలో యశ్వంత్ చెయ్యెత్తాడు. "97తో పోతుంది మేడమ్! 97 వందలు 9700. 97 మూళ్లు 291. కలిపితే 9991."

క్లాసంతా గొల్లుమంది. "ఏందిరా ఓంకార్, భాగారం రాదా?"

ఓంకార్ చేతిలో చాక్‌పీస్ అలాగే ఉండిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి.

నవ్య లేచి నిలబడింది. "97 నా వంతు మేడమ్. చూడకుండానే టిక్కు పెట్టాను. వాడు చేసినవన్నీ కరెక్టే."

నవ్వులు ఆగిపోయాయి. మేడమ్ 9991 తుడిచేసి 9973 అని రాశారు. "ఇద్దరూ కూర్చుని దీన్ని చూడండి."

ఓంకార్ బెంచీ ఆ చివరకు జరిగి తన సగం చేసుకుపోయాడు. నవ్య 71 దాకా వచ్చేసరికి బెల్లు మోగింది. 71తో 33 మిగిలింది. వేళ్లు నొప్పి, తల బరువు. పెన్సిల్ 73 పక్కకు వెళ్లి ఆగింది.

"ఇక్కడి నుంచి చూడలేదు" అని రాసి, కాగితం ఓంకార్ ముందుకు తోసింది.

ఓంకార్ చదివాడు. మళ్లీ చదివాడు. పెన్సిల్ చెక్కుకుని బెంచీ మీద ఆమె పక్కకు వచ్చాడు.

"ఇగ జరుగు. 73 నేను జూస్త. 79 నువ్వు జూడు."