అరవై జవాబు కాగితాలు

డిటెక్టివ్ ఆఫీసు తలుపు తీసేసరికే ఆ అమ్మాయి మెట్ల మీద కూర్చుని ఉంది. మనస్తత్వశాస్త్రంలో పరిశోధన చేస్తున్న విద్యార్థిని. కళ్లు వాచిపోయాయి.

"నన్ను దొంగనంటున్నారు మేడమ్. సాయంత్రంలోగా కాగితాలు తేకపోతే నా సీటు పోతుంది."

డిటెక్టివ్ ఆమెకు మంచినీళ్లిచ్చి మొదటి నుంచి చెప్పమంది. పక్కన మేనకోడలు నోటుపుస్తకం తెరిచింది. అత్తయ్య దగ్గర అసిస్టెంటుగా చేరి మూడేళ్లయినా, కేసు వింటున్నప్పుడు ఆవిడ ముఖం చూడటం ఆమెకింకా సరదాయే.

విద్యార్థిని చెప్పింది ఇదీ. అరవై మంది పిల్లలకు ఒక బొమ్మ చూపించి కథ చెప్పమన్నారు. సగం మంది ఆఫీసర్ల కాలనీ పిల్లలు, సగం మంది దర్జీల సందు పిల్లలు. ఆమె కథలు రాసుకుంది, ప్రొఫెసర్ మార్కులు వేశాడు. దర్జీల సందు పిల్లలకు బొత్తిగా తక్కువ వచ్చాయి. అది అన్యాయమని ఆమె ఆయనతో వాదించింది. మర్నాడే ఆయన గదిలోని బీరువాలోంచి కాగితాలన్నీ మాయం. తాళంచెవులు ఆయన దగ్గరా, ఆమె దగ్గరా తప్ప లేవు. మార్కులు లేని చిత్తుప్రతులు కొన్ని మాత్రం ఆమె దగ్గర మిగిలాయి.

డిటెక్టివ్ విద్యార్థినితో ప్రొఫెసర్ గదికి వెళ్లి చూసింది. బీరువా తాళం మీద చిన్న గీత కూడా లేదు. క్లాసుకు వెళ్లేటప్పుడు ప్రొఫెసర్ కోటునూ, అందులోని తాళాలగుత్తినీ కొక్కేనికే వదిలేస్తాడని తేలింది. ఆ మార్కులను బట్టి దర్జీల సందు పిల్లల్ని మందబుద్ధుల తరగతిలో వేసే విషయం రేపు కమిటీ తేలుస్తుందని ఆయన విసుగ్గా చెప్పాడు. విద్యార్థిని నిర్ఘాంతపోయింది. ఆ సంగతి ఆమె వినడం అదే మొదటిసారి. కమిటీకి ఉత్తరం టైపు చేసిన గుమాస్తా మాత్రం తలెత్తలేదు. ఆవిడ బల్ల మీది ఫైళ్లన్నీ దారంతో కుట్టి ఉన్నాయి, ముడి ఎక్కడుందో కనబడనంత నేర్పుగా.

మేనకోడలు దర్జీల సందుకు వెళ్లొచ్చింది. ఏదో ఆట అని చెప్పి పిల్లల్ని తీసుకెళ్లారట. పేర్లు రాస్తారనీ, తరగతి మారుస్తారనీ ఏ తల్లికీ తెలియదు. ఈలోగా డిటెక్టివ్ చిత్తుప్రతుల నుంచి ఇరవై కథలు తిరగరాసి, ప్రొఫెసర్‌ను మార్కులు వేయమని అడిగింది.

సాయంత్రం అందరూ ఆయన గదిలో కూర్చున్నారు.

"మార్కుల్లో అన్యాయం జరిగిందనడానికి ఆ కాగితాలే ఈ అమ్మాయికున్న సాక్ష్యం. తన సాక్ష్యాన్ని తనే మాయం చేసుకుంటుందా?" అంది డిటెక్టివ్. "తరగతి సంగతి ముందే తెలిసినవాళ్లు ఇద్దరే. ఒకరు ప్రొఫెసర్ గారు. రెండోవారి చేతిలో దర్జీ కుట్టు ఉంది."

గుమాస్తా నెమ్మదిగా లేచింది. తను పుట్టింది ఆ సందులోనేననీ, మనవరాలు ఇప్పుడు అక్కడే పెరుగుతోందనీ చెప్పింది. కాగితాలు ఇంట్లో కుట్టుమిషను పెట్టెలో ఉన్నాయి. "తగలబెడదామనుకున్నాను. పిల్లలు చెప్పిన కథలు కదా, చేతులు రాలేదమ్మా."

ప్రొఫెసర్ ఏదో అనబోయాడు. డిటెక్టివ్ రెండు కాగితాలు ఆయన ముందు పెట్టింది. రెండింటిలోనూ ఒకటే కథ, పాత్రల పేర్లు మాత్రమే వేరు. ఒకదాని మీద కాలనీ పేరుంది, ఎనిమిది మార్కులు. రెండోదాని మీద సందు పేరుంది, నాలుగు.

"మీకు చెప్పకుండా మీ మీదే పరీక్ష పెట్టాను. నాది తప్పే. వద్దంటే ఇప్పుడే చింపేస్తాను."

ఆయన ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి మళ్లీ చదివాడు. "చింపకండి," అన్నాడు చివరికి. "నాకు తెలియకుండానే వేశాను. తెలిశాక దాచలేను."

కమిటీకి తన ఫలితాలు వెనక్కి తీసుకుంటున్నానని ఆయనే రాశాడు. విద్యార్థినికి క్షమాపణ చెప్పాడు, గుమాస్తా మీద ఫిర్యాదు చేయలేదు. కొత్త పరీక్షలో కాగితాల మీద పేర్లుండవు, అంకెలే. ఏ పిల్లలు ఎక్కడివాళ్లో తెలియని ఇద్దరు విడివిడిగా మార్కులు వేస్తారు.

వారం తర్వాత దర్జీల సందులో గుమాస్తా కొత్త పరీక్షకు తల్లులు ఇవ్వాల్సిన అనుమతి పత్రం చదివి వినిపిస్తోంది. మిషను తొక్కుతున్న ఒక తల్లి కాలు ఆపి, వద్దంటే ఏమవుతుందని అడిగింది.

"ఏమీ కాదక్కా," అంది విద్యార్థిని.

ఆవిడ కూతుర్ని పిలిచి, "నీకు ఇష్టమేనా?" అని అడిగింది.