కొంగ కాలికింది చుక్క

నిజకన్ను ఎర్రగా వెలగగానే టీ అంగట్లో ఉన్నవాళ్లంతా తలలు తిప్పారు. గుమ్మంలో ఓబుళమ్మ నిలబడి ఉంది. ఆమె నేతచీరకు, తోలు చెప్పులకు పచ్చవెలుగే వచ్చింది. ఎరుపు ఆమె చేతిసంచిలోని గడియారానికి.

"ఏమ్మా, పొద్దున్నే దొంగసరుకు తెచ్చినావే?" అన్నాడు టీ కలిపే అతను. ఎవరో నవ్వారు. ఆమె వెనుదిరిగి, పక్కనే ఉన్న మస్తానయ్య గడియారాల అంగట్లోకి వెళ్లింది.

ప్రొద్దుటూరులో ఇప్పుడు గుమ్మానికొక నిజకన్ను ఉంది. వచ్చే ప్రతి వస్తువునూ మూలపట్టికలోని నమూనాతో పోల్చుకుంటుంది. అసలుదైతే పచ్చన, నకిలీదైతే ఎరుపు. గడప ఎక్కబోయి మూడు ఎరుపులు పడ్డ మనిషికి నమ్మికాంకం పోతుంది. దారిన పోయేటప్పుడు పడ్డవి లెక్కలోకి రావు. ఆ అంకం లేనివాళ్లను ఎవరూ ఇంట్లో పనికి పెట్టుకోరు. జనం వస్తువును చూడటం మానేశారు. గుమ్మం వైపు చూస్తారు, అంతే. మరమ్మతు అంగళ్లకు మాత్రం మినహాయింపు ఉంది కాబట్టి మస్తానయ్య గుమ్మం బోసిగా ఉంటుంది.

"ఇది రెండోసారి అన్నా," అంది ఓబుళమ్మ. "సాయంత్రం నాలుగింటికి ఊరిసభలో మళ్లీ చూపించాల. మూడోది పడితే నన్ను ఏ గడపా ఎక్కనీరు."

మంచం పట్టిన మిల్లు శేషాచలానికి ఆమె తొమ్మిదేళ్లు సేవ చేసింది. ఆయన పోయేముందు, కొడుకు మురహరి చూస్తుండగానే తన గడియారం తీసి ఆమె చేతిలో పెట్టాడు. కన్ను ఎరుపు చూపించగానే మురహరి అసలుదాన్ని ఆమె మార్చేసిందని సభలో ఫిర్యాదు పెట్టాడు.

"ఎవురన్నా మార్చింటే నాకు తెల్దా? ఇదో, అద్దం మీద గీత. సారు చెయ్యి మంచంకోడుకు తగిలినప్పుడు పడింది. రోజూ తుడిచేదాన్ని గదా."

మస్తానయ్య బూతద్దం కంటికి బిగించుకున్నాడు. ఆ గడియారం చేసిన హెల్వార్ కంపెనీ గుర్తు కొంగ. కంపెనీ చివరికాలంలో చేసిన అంకెల పలకల మీద దానికి తల ఒక్కటే ఉండేది, అంతకుముందు ఒంటికాలు. మొదట ఒకే ఒక్క ఏడాది రెండు కాళ్ల కొంగను వేశారు. ఇది అదే. ముక్కు కంపెనీ పేరులోని మొదటి అక్షరాన్ని ఆనుకొని ఉంది. అక్షరాల సిరా గట్టు కట్టినట్టు పైకి లేచి ఉంది. నకిలీల్లో సిరా అంచులకు పాకుతుంది.

అతను చాలాసేపు తల ఎత్తలేదు.

"అసలుదేనమ్మా."

"మరి ఆ కన్నుకేం రోగం?"

మస్తానయ్య లేచి తలుపు దగ్గరికి వేశాడు.

"తలుపెందుకు మూస్తాండావన్నా?"

"చెప్పేది బయటికి పోకూడదు." అతను కూర్చోకుండానే చెప్పాడు. ఇరవై ఏళ్ల కిందట రెండు కాళ్ల కొంగ నకిలీ పలకలు నలభై దాకా తనే గీశాడు. ప్రతిదాంట్లోనూ కొంగ కాలికింద గసగసాలంత నల్లచుక్క పెట్టాడు.

"చుక్కెందుకు?"

"దిష్టికి. ముచ్చటగా కుదిరిన పనికి చుక్క పెట్టకుండా వదలకూడదనేది మాయమ్మ. తరువాత కంపెనీ మూతబడింది. మూలపట్టిక కట్టేవాళ్లు ఊళ్ల మీద పడి, జనం చేతులకున్న గడియారాలనే నమూనాలుగా తీసుకున్యారు. ఆ రకంలో వాళ్లకు దొరికినవి దాదాపు నావే. చుక్క ఉంటేనే అసలుదని నేర్చుకునింది ఆ కన్ను."

"అయితే ఆ మాట సభలో చెప్పన్నా."

"సభలో కూర్చునేది ఐదుమంది. నలుగురి చేతికుండేది నా చుక్కే. ఒప్పుకుంటారా?"

ఓబుళమ్మ గడియారం వైపు, అతని వైపు మార్చిమార్చి చూసింది.

"చుక్క పెడితే?"

"పచ్చ వస్తాది."

ఆమె తలూపింది. పలక విప్పితే దుమ్ము పడకూడదని మస్తానయ్య గడియారాన్ని లోపలి గదిలోకి తీసుకుపోయాడు. ఆ గది తలుపు మూసి ఉంటే, దానికేసి చూస్తూ ఆమె ముందరి బల్లమీద కూర్చుంది.

మూడున్నరకు ఇద్దరూ టీ అంగడి గుమ్మంలో నిలబడ్డారు. కన్ను పచ్చగా వెలిగింది.

"ఓహో, లోపలికి పోయి పాపం కడుక్కోనొచ్చినావా ఏంది!" అన్నాడు టీ అతను.

ఓబుళమ్మ నవ్వలేదు. గడియారాన్ని ఎండకు పట్టి అటూ ఇటూ తిప్పుతోంది.

"అన్నా, గీత యాడ?"

వేళ్లకు అంటిన సానపొడిని చొక్కాకు తుడుచుకుంటున్న మస్తానయ్య ఆగిపోయాడు. ముప్పై ఏళ్లుగా అద్దం రుద్ది మెరిపించకుండా అతను ఏ గడియారాన్నీ తిరిగివ్వలేదు. పని అయిపోగానే చెయ్యి దానంతటదే సానపొడి డబ్బా మీదికి పోయింది.

"రుద్దినానమ్మా. అలవాటు."

 ఆమె గడియారాల అంగట్లోకి తిరిగివచ్చి, గొంతు తగ్గించి అడిగింది.

"లోపల ఇట్లాటివి ఇంకా ఉండాయా?"

అబద్ధం చెప్పొచ్చు. "ఒకటుండాది, నేను గీసింది," అన్నాడు.

దాన్నీ తెచ్చి పక్కన పెట్టాడు. బూతద్దం ఆమెకే ఇచ్చి, అక్షరాల గట్టు, సిరా పాకడం, కొంగముక్కు అన్నీ వేలితో చూపించాడు. ఆమె ఓపిగ్గా చూసింది. ఆమెకు రెండు కొంగలు, రెండు చుక్కలు కనిపించాయి.

"తేడా నీకు కనపడతాది. నాకు కాదు గదన్నా."

"చుక్క తుడిచి చూపిస్తా. నువ్వు తెచ్చినట్టే ఉంటాది."

"తుడిస్తే ఎరుపు గదా?"

"ఎరుపే."

గోడ మీద గడియారాలన్నీ నాలుగుకు పది నిమిషాలు తక్కువ చూపిస్తున్నాయి. ఓబుళమ్మ తనకు ఇచ్చినదాన్నే తీసుకుంది. చేతికి కట్టుకోలేదు, సంచిలో వేసుకుంది.

సభ దాకా వీధిలో ప్రతి గుమ్మం ఆమెకు పచ్చగా వెలుగుతూ వచ్చింది. ఆమె ఒక్క గుమ్మం వైపూ చూడలేదు. నాలుగడుగులకోసారి ఆగి, సంచిలో చెయ్యిపెట్టి, గీత ఉండవలసిన చోట బొటనవేలితో తడిమి చూసుకుంటోంది. వేలు జారిపోతోంది.