రెండో సీటు

ఆదివారం పొద్దున టిఫిన్ దగ్గర తప్ప ఆ ఇంట్లో అందరూ ఒకేచోట దొరకరు. రాజనర్సయ్య అది చూసుకునే, ఉప్మా పళ్లెం ముందు పెట్టుకుని మాట బయటపెట్టాడు.

"నేనొక కారు కొంటున్న."

కోడలు అనుపమ చేతిలో గరిటె ఆగింది. విజయేందర్ ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే, "మనకు కారున్నది గద నాన్నా" అన్నాడు.

"అది మనది. ఇది నాది."

"ఏ కారు తాతయ్యా?" మనవరాలు యశస్విని అడిగింది.

"ఇస్హాక్ షెడ్డుల మూలకు ఉంటది చూడు, ఎర్రది."

"స్పోర్ట్స్ కారా!" ఆ పిల్ల కుర్చీ మీద నిలబడిపోయింది. అప్పుడు విజయేందర్ తల ఎత్తాడు.

బల్కంపేటలో వాళ్ల అపార్ట్‌మెంటుకు రెండు వీధుల అవతల ఇస్హాక్ పాత కార్లు కొని అమ్ముతాడు. ఆ ఎర్ర కారు ఎప్పుడో విదేశం నుంచి వచ్చింది. పద్దెనిమిదేళ్లది. ఎండకు రంగు వెలిసి నిరుటి మిరపకాయలా తయారైంది. రెండే తలుపులు, రెండే సీట్లు. విడిభాగాలు దొరకవని భయపడి ఎవరూ కొనలేదు. చివరికి దాని ధర కుర్రాళ్లు నడిపే మంచి మోటార్ సైకిల్ ధరకు దిగింది. రాజనర్సయ్య రోజూ పాల ప్యాకెట్లకు పోతూ దాన్ని చూసేవాడు. మొదట్లో నడుస్తూ చూశాడు. తర్వాత ఆగి చూశాడు. ఈమధ్య ఇస్హాక్ ఒక కుర్చీ కూడా వేస్తున్నాడు.

"మామయ్యా, మనం నలుగురం. అందుల ఎట్ల పడ్తం?" అనుపమ మెల్లగా అడిగింది.

"పట్టం. పట్టకపోవుడే దాని గొప్ప."

ఆ మాటకు అర్థం ఆమెకు అందలేదు. అయినా ఆయన ఛాయ్‌లో అల్లం ఎక్కువ వేసి, చక్కెర తక్కువైన సంగతి తెలియకుండా చేసి తెచ్చిచ్చింది. కోపం వచ్చిన రోజు కూడా కోడలు అల్లం మరిచిపోదు. రాజనర్సయ్య గ్లాసు అందుకుంటూ అది గమనించాడు.

భార్య స్వరాజ్యం పోయి రెండేళ్లు కావస్తోంది. ఆమె ఉన్నన్నాళ్లూ తండ్రీ కొడుకుల మధ్య మాటలు ఆమే మోసేది. 'మీ నాన్న అడుగుతుండు, ప్రమోషన్ ఏమైంది?' అని ఇటు. 'వాడు ఏమంటుండంటే' అని అటు. జూనియర్ కాలేజీలో ముప్ఫై ఏళ్లు ఫిజిక్స్ చెప్పిన మనిషి, వందమంది పిల్లలతో మాట్లాడగలిగిన మనిషి, కన్నకొడుకుతో మాట్లాడటానికి ఒక మనిషిని పెట్టుకున్నాడు. ఆ మనిషి పోయాక మాటలు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. ఇంటి కారులో ఆయన వెనక సీట్లో కూర్చుంటాడు. అనుపమ ముందుకు రమ్మని చాలాసార్లే పిలిచింది, ఆయనే పోలేదు. వెనక నుంచి చూస్తే కొడుకు మెడ తప్ప ఇంకేమీ కనబడదు.

పోయిన నెల ఒక మంగళవారం ఆయన కళ్లద్దాలు బాగుచేయించుకోవడానికి మైత్రీవనం వైపు వెళ్లాడు. కోచింగ్ సెంటర్ల బోర్డుల కింద, కరపత్రాలు పంచే కుర్రాళ్ల మధ్య, ఛాయ్ బండి దగ్గర విజయేందర్ నిలబడి ఉన్నాడు. బ్యాగు రెండు భుజాలకూ తగిలించుకున్నాడు. పక్కనున్న కుర్రాడెవరో అడిగాడు, "అంకుల్, మీరు సుత ఈ బ్యాచేనా?" విజయేందర్ నవ్వాడు. ఆ నవ్వు చూసి రాజనర్సయ్య మెట్రో స్తంభం చాటుకు తప్పుకున్నాడు. ఆ సాయంత్రం కొడుకు ఇంటికి వచ్చి, "ఆఫీసుల మస్తు పని" అంటూ సోఫాలో కూలబడ్డాడు.

తండ్రి ఏమీ అడగలేదు. అడిగితే అబద్ధం చెబుతాడు. ఆ అబద్ధం తర్వాత ఇద్దరి మధ్యా శాశ్వతంగా ఉండిపోతుంది. ఇలాంటి సమయంలో కారు కొనవచ్చా అని మాత్రం తనను తాను చాలా రోజులు ప్రశ్నించుకున్నాడు. పెన్షన్ వస్తుంది, ఇల్లు నడుస్తుంది. కొనకుండా ఊరుకుంటే మిగిలేది వెనక సీటే. కొంటానని నిశ్చయించుకున్నాక ఇక వెనక్కి చూడలేదు.

*

మధ్యాహ్నానికి అక్క చిలకమ్మ దిగింది. రాజనర్సయ్య కంటే ఆరేళ్లు పెద్దది. అనుపమ ఫోన్ చేసిందని ఆయనకు చెప్పకుండానే అర్థమైంది. చిలకమ్మ నీళ్లు కూడా తాగకుండా సోఫాలో సర్దుకుని కూర్చుంది.

"తమ్మీ, సీదా చెప్పు. ఎవరామె?"

"ఎవరక్కా?"

"రెండు సీట్ల కారంట గద. ఒకదాంట్ల నువ్వు. ఇంకోదాంట్ల ఎవరు?"

రాజనర్సయ్య పకపకా నవ్వాడు. తనొక్కడే నవ్వుతున్నానని తెలిసి ఆగాడు. అనుపమ నేలకేసి చూస్తోంది. విజయేందర్ కిటికీకేసి చూస్తున్నాడు. అంటే పొద్దుటి నుంచీ ఈ ముగ్గురూ ఇదే అనుకుంటున్నారు.

"స్వరాజ్యం ఉంటే గీ మాటకు కడుపు పట్టుకొని నవ్వుతుండె" అన్నాడు.

"అది ఉంటే గీ కారు పంచాయితీనే లేకపోతుండె!" చిలకమ్మ వదల్లేదు. "అరవై నాలుగేండ్లొచ్చినయి. బోనాలకు గుడికాడ నలుగురు కలుస్తరు. మీ తమ్ముడు ఎర్ర కారుల తిరుగుతుండంట గద అని అడిగితే నేనేం చెప్పాలె?"

"డ్రైవింగ్ మంచిగ చేస్తడని చెప్పు."

"నవ్వులాటనా నాన్నా?" విజయేందర్ ఒక్కసారిగా లేచి నిలబడ్డాడు. "పద్దెనిమిదేండ్ల డొక్కు అది. ఏ నడిరోడ్డు మీద ఆగుతదో తెల్వది. రేపు నీకేమన్న అయితే ఎవరు చూడాలె? నేనే గద! ఇప్పుడున్న పరేషాన్లు సాలవా నాకు?"

"మీకేం పరేషాన్లు?" అనుపమ అడిగింది.

విజయేందర్ మళ్లీ కిటికీ వైపు తిరిగాడు. "ఆఫీసుల... పని ఉండదా?" అన్నాడు. అనుపమ భర్త ముఖం నుంచి చూపు తిప్పలేదు.

రాజనర్సయ్య లేచి చెప్పులు వేసుకున్నాడు. "రెండో సీటు ఎవరిదని గద అందరి ఫికర్. విజయ్, అది నీది. టెస్ట్ డ్రైవ్‌కు సాయంత్రం వస్తనని ఇస్హాక్‌కు చెప్పిన. పోదాం పా."

"నేను రాను."

"వచ్చి, కూసొని చూసి వద్దను. వింట. చూడకుండ వద్దంటే మాత్రం వినను."

విజయేందర్‌కు ఆ గదిలోంచి, భార్య చూపులోంచి బయటపడటానికి వేరే దారి లేదు. తండ్రి వెనకే మెట్లు దిగాడు.

*

ఇస్హాక్ కారు తుడిపించి పెట్టాడు. ఎండకు సీటు కాలుతుందని తడిపి పిండిన తువ్వాలు కూడా పరిచాడు.

"రేపటి దాకా మీకాడనే ఉంచుకొని చూడండ్రి సార్. నడుస్తది, మంచిగనే నడుస్తది. ట్రాఫిక్‌ల ఎక్కువసేపు నిలబడితే జర గుస్సా అయితది, అంతే."

"గుస్సా అయితే ఏం చేయాలె భాయ్?" విజయేందర్ వెటకారంగా అడిగాడు.

"మనుషులు గుస్సా అయితే ఏం చేస్తం సాబ్? సబర్ చేస్తం, జర ఓపిక పడ్తం."

కూర్చోవడం కాదది, దిగబడటం. రాజనర్సయ్య ఒక కాలు లోపల పెట్టి, నడుం వంచి, తల తగలకుండా జారాడు. మోకాలు కలుక్కుమంది. పక్కన కొడుకు కాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. ఇద్దరి భుజాల మధ్యా జానెడు చోటే ఉంది. ఇంజిన్ ఒకసారి దగ్గి, గొంతు సవరించుకుని, గట్టిగా పలికింది. ఆ చప్పుడు రాజనర్సయ్య వీపులోకి పాకింది. ఆయన వయసు కాసేపు ఎక్కడికో పోయింది.

అమీర్‌పేట చౌరస్తా దాకా బాగానే వచ్చారు. అక్కడి నుంచి పంజాగుట్ట వైపు మెట్రో స్తంభాల పక్కన బండ్లు ఒకదానికొకటి ఆనుకుని నిలబడిపోయాయి. ఆదివారం సాయంత్రం, బట్టల దుకాణాల రద్దీ. ఆటోవాలా ఒకడు పైనుంచి తొంగి చూశాడు.

"రేసుకు పోతున్నవా పెద్దాయనా?"

"పోతున్న. నువ్వు జరిగితే."

ఆటోలో వాళ్లు కూడా నవ్వారు. విజయేందర్ నవ్వలేదు. "చూసినవా? నత్త నడిచే తోవల స్పోర్ట్స్ కారు" అన్నాడు. అంతలో ముందున్న ఇంజిన్ వేడి ముల్లు ఎర్ర గీత వైపు ఎక్కడం అతని కంటబడింది. "నాన్నా, వేడెక్కుతుంది! పక్కకు ఆపు!"

"పక్క ఎక్కడున్నది?"

నిజమే, ఎటూ జాగా లేదు. రాజనర్సయ్య ఏసీ ఆపాడు. అద్దాలు దించాడు. ఒక మీట తిప్పాడు. భగ్గుమని వేడిగాలి ఇద్దరి ముఖాల మీదికీ కొట్టింది.

"ఏం చేస్తున్నవ్? మే నెల ఎండల హీటరా?"

"ఇంజిన్ వేడి మన మీదికొస్తది. దానికి జర ఆరాం దొరుకుతది. ముల్లు చూడు."

ఇద్దరూ ముల్లునే చూశారు. చెమట ధారగా కారుతోంది. నిమిషం, రెండు నిమిషాలు. ముల్లు వణికి ఆగింది. తర్వాత వెంట్రుకవాసి దిగింది. విజయేందర్ పెద్దగా ఊపిరి వదిలాడు. రాజనర్సయ్య ముందున్న బస్సు మీంచి చూపు తిప్పకుండా అన్నాడు.

"మీ అమ్మ ఉంటే ఆమెకు చెప్తుంటివి. ఆమె నాకు చెప్తుండె. ఈ కారుల, మధ్యల ఇంకో మనిషికి జాగా లేదురా. నా మొఖం చూడకు. రోడ్డు చూసుకుంట చెప్పు."

తలల మీదుగా మెట్రో రైలు వెళ్లింది. ఆ చప్పుడు పూర్తిగా తగ్గేదాకా విజయేందర్ ఆగాడు.

"జాబ్ పోయింది నాన్నా. మార్చిల." రోడ్డు చూస్తూనే అన్నాడు. "మైత్రీవనంల కొత్త కోర్సు నేర్చుకుంటున్న. నా పక్క సీటు పోరడు నన్ను సార్ అంటడు, మళ్ల నా డౌట్లు వాడే తీరుస్తడు."

"తెలుసు."

"ఎట్ల?"

"ఛాయ్ బండికాడ చూసిన."

విజయేందర్ తల తిప్పి తండ్రిని చూశాడు. రోడ్డు చూడమన్న సంగతే మరిచిపోయాడు. "మరి అడగవా? ఇన్ని దినాలు నేను రోజు బ్యాగేసుకొని పోతుంటే చూసుకుంట ఉన్నవా?"

"నువ్వు చెప్తవని చూసిన."

"చెప్పకపోతే?"

"అందుకే కారు." రాజనర్సయ్య ఆగి, తల అడ్డంగా ఊపాడు. "కాదు, అబద్ధం. నాకు సుత కావాలె. మీ అమ్మ పోయినంక నాకు కావాలె అనిపించిన మొదటి వస్తువు ఇది."

వెనక హారన్లు మోగాయి. కారు రెండు బారలు జరిగి మళ్లీ ఆగింది.

"కంపెనీ ఇచ్చిన పైసలు దసరా దాకా వస్తయి. పైసలకు కాదు నాన్నా నా భయం." విజయేందర్ అరచేతులతో ముఖం తుడుచుకున్నాడు. చెమటో కన్నీళ్లో ఆ వేడిలో తేడా తెలియలేదు. "నువ్వు గీ డొక్కు కారేసుకొని పోయి ఏమన్న అయితే... నాకు నేనే బరువున్న ఇప్పుడు. నిన్ను మోసే బలం నా దగ్గర లేదు."

రాజనర్సయ్య ఎడమచెయ్యి గేరు మీంచి తీసి కొడుకు మోకాలి మీద పెట్టాడు. వాడికి పదోతరగతి ఫలితాలు వచ్చిన రోజు తర్వాత ఆ చెయ్యి అక్కడికి పోవడం ఇదే.

"నన్ను మొయ్యమని ఎవరన్నరురా? పక్కన కూసో. సాలు."

విజయేందర్ ఏడ్చాడు. మెట్రో స్తంభం పక్కన, అద్దాలు దించిన ఎర్ర కారులో, హీటరు గాలికి ఎదురుగా నలభై ఒక్క ఏళ్ల మనిషి భుజాలు అదిరేలా ఏడ్చాడు. ఆటోవాలా చూశాడు. చూసి, తల తిప్పుకున్నాడు. కాస్త సందు దొరకగానే తను ఆగి, చేత్తో ఈ కారునే ముందు పొమ్మన్నాడు.

*

తిరిగి వచ్చేసరికి చీకటి పడబోతోంది. అపార్ట్‌మెంటు సెల్లారు వాలు దగ్గర కారు పొట్ట గీరుకుంది. విజయేందర్ దిగి, వాచ్‌మన్ గది వెనకున్న చెక్క పలక తెచ్చి చక్రాల ముందు వేశాడు. తర్వాత తండ్రి వైపు వచ్చి మోచెయ్యి పట్టి పైకి లేపాడు. లేపాక కూడా కాసేపు వదల్లేదు.

జేబులోంచి ఫోన్ తీసి ఇస్హాక్‌తో మాట్లాడాడు. "భాయ్, రేడియేటర్ మార్చి ఇయ్యాలె. కొత్తది. లేకుంటే తీసుకోం... మా నాన్నకు మొహమాటమెక్కువ, బేరం నాతోటి మాట్లాడు."

రాజనర్సయ్య వేరే ఎటో చూస్తూ నిలబడ్డాడు, నవ్వు కనబడకుండా.

చప్పుడు విని అనుపమ, చిలకమ్మ కిందికి వచ్చారు. అనుపమ భర్త కళ్లు చూసింది. ఎర్రగా ఉన్నాయి. మధ్యాహ్నం అడిగిన ప్రశ్న ఆమె ముఖంలో అలాగే ఉంది.

విజయేందర్ తండ్రి ముందు చెయ్యి చాపాడు. "తాళం చెవి ఇయ్యి నాన్నా." తర్వాత భార్యతో అన్నాడు, "అనూ, ఎక్కు. ఒక రౌండ్ పోదాం."

"ఇప్పుడా? పొయ్యి మీద అన్నం..."

"అత్త చూసుకుంటది. నీకొకటి చెప్పాలె."

అనుపమ మామగారికేసి చూసింది. ఆయన తలుపు తెరిచి పట్టుకున్నాడు. "పో బిడ్డా. తల జాగ్రత్త." ఆమె చీర కుచ్చిళ్లు పట్టుకుని లోపలికి దిగబడింది. రాజనర్సయ్య అవతలి కిటికీ దగ్గరకు వెళ్లి వంగాడు.

"వేడెక్కితే హీటరు పెట్టు. భయపడకు, దిగుతది."

"తెలుసు" అన్నాడు కొడుకు.

ఎర్ర దీపాలు సందు మలుపు తిరిగేదాకా అక్కాతమ్ముళ్లు గేటు దగ్గరే నిలబడ్డారు. చిలకమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని అడిగింది, "ఏందిరా సంగతి? వాడు ఏడ్చిండా?"

"మాట్లాడిండక్కా."

ఆమె కొంగు దులిపి భుజాన వేసుకుంది. "మరి నన్నెప్పుడు కూసోపెడ్తవ్ అందుల?" అంది.

"రేపు పొద్దున ఎల్లమ్మ గుడికి పోదాం. చక్రాల కింద నిమ్మకాయలు నువ్వే పెడుదువు."

"నా మోకాళ్లతోటి ఎక్కినా, దిగుడెట్లరా?"

"దిగకు. కారుల కూసునే అమ్మవారికి మొక్కు."

చిలకమ్మ తమ్ముడి వీపు మీద ఒకటి చరిచింది. పైన అన్నం కుక్కర్ కూతేసింది, ఆమె మెట్లెక్కింది. రాజనర్సయ్య మాత్రం గేటు దగ్గరే ఆగాడు. దూరంగా పంజాగుట్ట వైపు నుంచి హారన్లు వినిపిస్తున్నాయి, ఆదివారం సాయంత్రం ఎప్పుడూ ఉండేలాగే. ఈ ఊళ్లో ఇన్నేళ్లు బతికి, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా విసుక్కున్న మనిషి, ఈరోజు ఆ ట్రాఫిక్ ఇంకాసేపు కదలకుండా ఉంటే బాగుండు అనుకున్నాడు.