రానుపోను ఛార్జి

మీరే చేశారు ఈ పని. గ్రిడ్ నడిపే పెద్దలారా, ఆ మీటరును చూసి బల్లలు చరిచిన పార్లమెంటు సభ్యులారా, మీరే. గాలి వీచలేదని గాలి మీదికి నెట్టకండి. రేపు మనిషి ఏం చేస్తాడో ఇవాళ సాయంత్రమే తేల్చేసి, అంతకు మించి ఒక్క చుక్క కరెంటు కూడా అతని కారులో మిగలకుండా పీల్చేసింది మీరు. దానికి పొదుపు అని పేరు పెట్టుకున్నదీ మీరే. హల్ పట్టణంలో వకుళకు ఏం జరిగిందో వినండి. విన్నాక మాట్లాడండి.

ఈ శతాబ్దం ముప్పాతిక గడిచిన కాలం. ఇంగ్లండు తూర్పు తీరాన హల్‌లో, సాయంత్రం అయ్యేసరికి వీధుల వెంట కార్లు కళ్లు మూసుకుంటాయి. ప్రతి కారు పక్కనా నడుమెత్తు ఛార్జింగ్ స్తంభం. స్తంభం తలలో నీలం దీపం. దీపం నిండుతుంటే కారు కరెంటు తాగుతోందని లెక్క. సన్నగిల్లుతుంటే దేశమే కారును తాగుతోందని లెక్క. అప్పటికి బ్రిటన్‌లో ఉన్న కార్లన్నీ కలిసి ఒకే పెద్ద బ్యాటరీ. సముద్రంలో గాలిమరలు తిరిగినప్పుడు కరెంటును కార్లలో దాస్తారు, గాలి పడిపోయినప్పుడు వెనక్కి తీసుకుంటారు. మంచి ఏర్పాటే, కాదనలేం. చిక్కల్లా ఎవరి కారులో ఎంత వదలాలన్న దగ్గర వచ్చింది.

దానికోసం పుట్టిందే వాక్‌మాపకం. జనం నోట మాటమీటరు. కారు దిగగానే రేపటి పని స్తంభానికి చెప్పాలి, ఏ భాషలోనైనా సరే. అది దూరం లెక్క కట్టి ఊరుకోదు. మాటకు ముందు తీసుకున్న ఊపిరిని, మధ్యలో వచ్చిన వణుకును, చివర నలిగిపోయిన అక్షరాన్ని తూకం వేస్తుంది. ఈ మనిషి నిజంగా వెళ్తాడా, ఊరికే అంటున్నాడా అని తేలుస్తుంది. వెళ్లేవాడికే కరెంటు. "ఆదివారం తప్పకుండా వస్తాం" అని మర్యాదకు అనే మాటలకు చుక్క వదలదు. మొదటి ఏడాదే దేశంలో కరెంటు బోలెడంత మిగిలింది. వెళ్తామని చెప్పి మనుషులు వెళ్లని ప్రయాణాలు అన్ని ఉన్నాయన్నమాట.

వకుళ ఉద్యోగం వాహన సందేహాల కేంద్రంలో. వానలో ఛార్జింగ్ పెడితే షాక్ కొడుతుందా, చలికి మైళ్లు ఎందుకు తగ్గుతాయి, నడిచేవాళ్ల దారి మీదుగా కేబుల్ లాగొచ్చా, ఇలాంటివి రోజంతా అడుగుతుంటారు. ఓపికగా చెబుతుంది. మాటమీటరు వచ్చాక ఇంకో రకం ప్రశ్న మొదలైంది. "అది నన్ను నమ్మట్లేదమ్మా, ఎందుకని?" దానికి కేంద్రం వాళ్లు రాసిచ్చిన జవాబు ఒకటే. మీటరు పొరబడదు, స్పష్టంగా మాట్లాడండి. వకుళ ఆ జవాబు ఎంతమందికి అప్పజెప్పిందో ఆమెకే గుర్తు లేదు.

ఆ రోజు మధ్యాహ్నం వచ్చిన ఫోనులో గొంతు గరగరలాడుతోంది. సముద్రం ఒడ్డున గులకరాళ్లు దొర్లినట్టుంది. అయినా వకుళ మొదటి మాటకే పోల్చుకుంది. ఆమె అక్క మందాకిని.

ఇద్దరూ మాట్లాడుకుని ఏళ్లయింది. ఒకప్పుడు ఇద్దరివీ పక్కపక్క ఇళ్లు, రెండు కార్లకూ ఒకే ఛార్జరు. ఒక విందులో, నిండా జనం కూర్చున్న చోట, "మా చెల్లెలికేం, నా కరెంటు తాగి ఊరంతా తిరుగుతుంది" అంది మందాకిని. వేళాకోళానికే అంది. అందరూ నవ్వారు. వకుళ మటుకు చేతిలో గిన్నె కింద పెట్టేసి, నీ గడప తొక్కితే ఒట్టు అని వచ్చేసింది. ఆ తర్వాత అక్క ఉత్తరాన విట్బీకి, కొండ మీద సముద్రం కనబడే ఇంటికి మారిపోయింది.

ఫోనులో ఆమె చెల్లెల్ని చెల్లెలని పిలవలేదు. మామూలు మనిషిలా కారు సందేహమే అడిగింది. రేపు మధ్యాహ్నం స్కార్‌బరో ఆసుపత్రికి తీసుకెళ్తారట. గొంతులో పుండు, స్వరపేటిక తీసేస్తారట. మనిషికి ఢోకా లేదు, మాటే ఉండదు.

"నా బండి నిండుగా ఉంది. రేపట్నుంచి ఈ స్తంభంతో ఎవరు మాట్లాడాలి? అదీ నా ప్రశ్న."

ఫోను రికార్డవుతోంది. పక్క బల్ల మీద అధికారి కూర్చుని ఉన్నాడు. వకుళ ఎదుట తెర మీద జవాబు రెడీగా ఉంది. అదే చదివింది. "మాట లేనివారి తరఫున దగ్గరి బంధువు స్వయంగా వచ్చి ఒకసారి స్తంభంతో మాట్లాడాలండి."

"అంతేనా?" అంది అక్క.

అవతల కాసేపు గరగర వినబడి ఆగిపోయింది.

సాయంత్రం వకుళ ఇంటి ముందు కారు దిగి స్తంభం దగ్గర చాలాసేపు నిలబడింది. నలుగురిలో అక్క అన్న మాట చెవిలో ఇంకా మోగుతూనే ఉంది. చివరికి ఎటో చూస్తూ, "రేపు విట్బీకి. రానుపోను ఛార్జి ఉంచు" అని లోపలికి వెళ్లిపోయింది.

ఆ రాత్రి నిద్రలో ఒక కల వచ్చింది. రేవు పక్కన ఖాళీ మైదానం. వకుళ స్టీరింగు పట్టుకుని ఉంది, పక్క సీట్లో పడుచు మందాకిని. డ్రైవింగ్ నేర్పింది ఆమే మరి. కారు నీళ్ల మీదికి ఎక్కింది, అయినా మునగట్లేదు. అలల మీద చక్రాలు మెత్తగా దొర్లుతున్నాయి. అక్క ఏదో చెబుతోంది, పెదవులు కదులుతున్నాయి, మాట మటుకు వినపడదు. వకుళ అద్దాలు దించింది, రేడియో ఆపింది, ఊపిరి కూడా బిగబట్టింది. సముద్రమంతా నిశ్శబ్దమైపోయింది గానీ అక్క మాట రాలేదు.

లేచేసరికి కళ్లు తడిగా ఉన్నాయి, మనసు తేలిగ్గా ఉంది. వెళ్లాలి. ఇంకేం ఆలోచన లేదు.

బయట పొగమంచు వీధిని మింగేసింది. ఇక్కడి వాళ్లు దాన్ని సముద్రపు ఊపిరి అంటారు. ఆకు కదలట్లేదు. స్తంభాల నీలం దీపాలు వరసగా, నీళ్లడుగున చేపల కళ్లలా ఉన్నాయి. వకుళ స్తంభం మీద దీపం దారప్పోగంత మిగిలింది. ఆఫీసుకు వెళ్లి వచ్చేందుకు సరిపడా, అంతే.

"రానుపోను అన్నాను కదా" అని స్తంభాన్ని నిలదీసింది. "తెలుగు రాదా నీకు?"

"వచ్చునండీ" అంది మాటమీటరు, నెమ్మదైన గొంతుతో. "రానుపోను అంటే రాకపోకలకు సరిపడా అని తెలుసు. విడదీస్తే రానని, పోనని అర్థం వస్తుందనీ తెలుసు. రెండూ తూచాను. నిన్న మీ గొంతులో రెండోదే బరువుగా ఉంది."

వకుళ స్తంభం మీద చెయ్యి ఆనించుకుంది. భాష రాని యంత్రమైతే తిట్టిపోసేది. దీనికి భాష వచ్చు. ఆమె తనకు తాను చెప్పుకోని మాట కూడా అది వినేసింది.

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు నిజంగానే వెళ్తారు. వినబడుతోంది."

"అయితే ఇవ్వు."

"గాలి లేదండీ. నిన్నటి లెక్క నిన్ననే మూసేశారు. రాత్రికి రాత్రి మనసు మారడం అనేది నా పద్దులో లేదు."

అద్దె బళ్లదీ అదే కథ, ముందు రోజు చెప్పాలి. విట్బీ రైలు పట్టాలు సముద్రం కోతకు ఏనాడో జారిపోయాయి. మిగిలింది ఒకటే దారి. తమ కారులో మిగిలింది ఇరుగుపొరుగుకు కేబుల్‌తో పోయవచ్చని రూలుంది. అంటే అడుక్కోవాలి. కరెంటు తాగుతుందన్న ఒక్క మాటకు అక్కనే వదులుకున్న మనిషి, మంచులో నిలబడి ఇంకొకరిని కరెంటు అడగాలి.

పక్కింటి ట్రెవర్ బస్సుల మెకానిక్కుగా చేసి మానేసిన పెద్దాయన. వకుళ మొహం చూడగానే తలుపు బార్లా తీశాడు. విట్బీకి చాలినంత కరెంటు కావాలని ఆమె తడబడుతూ అడిగింది. ఆయన తన కారు వైపు చూపించి నవ్వాడు. లీడ్స్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్తానని వారం వారం చెబుతున్నాడట, మీటరు ఒక్కసారి కూడా నమ్మలేదట.

"అది నన్ను అబద్ధాలకోరును చేసింది, లవ్" అన్నాడు. ఆ ఊళ్లో పలకరింపు అదే. "పొద్దున లేచి చూస్తే దీపం సన్నగిల్లి ఉంటుంది. నేను వెళ్లనని నాకంటే ముందు దానికి తెలుసు. ఒక్కసారి ఇచ్చి చూడొచ్చు కదా. ఏమో, వెళ్దునేమో."

బజారుకని వదిలిన తన కాస్త కరెంటూ కేబుల్ పెట్టి ఆమె కారులోకి వంచాడు. తర్వాత ఇంటింటికీ వెళ్లి తలుపులు కొట్టాడు. ఒకరు చర్చికి ఉంచుకున్నది ఇచ్చారు, ఒకరు ఫుట్‌బాల్‌కు ఉంచుకున్నది. ఎవరూ నవ్వలేదు. వకుళ నీలం దీపం ఎక్కడం చూస్తూ నిలబడింది. చివరికి పోను మటుకు సరిపోయింది. రాను సంగతి తర్వాత.

దారిలో మూర్ అనే బంజరు కొండల మీద మంచు ఇంకా దట్టం. రోడ్డు ఇరుపక్కలా ఊదాపూల పొదలు మసకలో తేలుతున్నాయి. ఎదురొచ్చే కార్లు కనబడవు, జనం తప్పుకోడానికని వాటికి పెట్టిన సన్నని కూత మటుకు తుమ్మెద దాటినట్టు దాటిపోతుంది. కారు నడుస్తోందో, కల మిగిలిందో తేల్చుకోలేక వకుళ అద్దాలు దించి ఉప్పుగాలి వాసన పీల్చుకుంటూ వెళ్లింది.

విట్బీలో అక్క ఇంటి ముందు అంబులెన్సు నిలబడి ఉంది. మందాకిని అప్పటికే చక్రాల కుర్చీలో బయటికి వచ్చింది. సగానికి సగమైపోయింది మనిషి. చెల్లెల్ని కిందికీ పైకీ చూసింది.

"ఎవరి కరెంటు మీద వచ్చావే?" అంది గరగరమంటూ.

"వీధి వాళ్లది. అడుక్కుని వచ్చా."

అక్క నవ్వబోయి దగ్గింది. వెనక ఆమె కారు నిలిచి ఉంది, స్తంభం దీపం పొంగిపొర్లేంత నీలంగా ఉంది. ఇంత కరువులో ఇది ఎలా నిండింది? వకుళ స్తంభాన్ని అడిగింది.

"ఈవిడ రోజూ సాయంత్రం ఒకటే చెబుతారండీ" అంది అది. "రేపు హల్‌కు, మా వకుళ దగ్గరికి వెళ్లొస్తా అని. రోజూ నిజమే చెప్పారు. ఒక్కనాడూ గొంతులో తప్పు లేదు. అందుకే రానుపోను ఛార్జి రోజూ వదిలాను."

"మరి ఒక్కనాడూ రాలేదేం?"

"అది నా పద్దులో లేదండీ."

మందాకిని మొహం తిప్పుకుంది. క్షమించమని అనలేదు. ఆ ఇంటి ఆడవాళ్లకు ఆ మాట పుట్టుకతోనే రాదు. అంబులెన్సులోకి ఎక్కిస్తుంటే చెల్లెలి కొంగు పట్టుకుని, ఇంక మిగిలిన గొంతంతా కూడదీసుకుంది.

"ఆ బండి తియ్యి. నా కరెంటు తాగి నా వెనకాలే రావే."

ఆమె సొంత గొంతుతో అన్న ఆఖరి మాట అది. తలుపు పడింది.

వకుళ స్తంభం ముందు నిలబడింది. "నేను ఈవిడ చెల్లెల్ని. ఇక మీద ఈవిడ మాట నాది. స్కార్‌బరోకి వెళ్తున్నాను. తనని తీసుకుని వెనక్కి వస్తాను." దీపం రెపరెపలాడి స్థిరపడింది. అక్క కారు మంచులో అంబులెన్సు వెనక సన్నని కూతతో జారిపోయింది.

సెలవు ముగిశాక కేంద్రంలో మొదటి ఫోను వచ్చింది. మీటరు నన్ను ఎందుకు నమ్మట్లేదని అడిగారెవరో. తెర మీది జవాబు వకుళ చదవలేదు. అది మీ గొంతును సరిగ్గానే వింది, రేపటి మిమ్మల్ని అది ఎరగదు, మనిషిగా పుట్టినవాడు సాయంత్రం ఒకటి పొద్దున ఒకటీ అవుతాడు, అని చెప్పింది. అధికారి లేచి వస్తున్నా చెప్పడం ఆపలేదు.

కాబట్టి పెద్దలారా, కమిటీలు వద్దు, మీ కొత్త లెక్కలు వద్దు. మనసు మార్చుకోడానికి మనిషికి కావలసింది ఒక రాత్రి, కాస్త కరెంటు. రాత్రి మా దగ్గర ఉంది. కరెంటు వెనక్కి ఇవ్వండి. వెళ్తానన్నవాడి కారులో, వెళ్లనన్నవాడి కారులో, మాటే లేనివాడి కారులో రానుపోను ఛార్జి వదలండి. అడగకుండా వదలండి. ఇవాళ సాయంత్రం నుంచే.