ఆఖరి ముక్క బ్యాండు అసలు కథ

నా రాతలో తప్పులుంటే మన్నించండి. మా ఆయన ఆర్విల్ పోయాక, లైబ్రరీలో చిన్నపిల్లల కుర్చీలో కూర్చుని అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఒక్కో మాటా ముందు పెదవులతో అనుకుని, తర్వాత కాగితం మీద పెడతాను. అందుకే ఆలస్యం. మీరు కాఫీ పోసుకుని చదవండి. అది చల్లారేలోపు నేనూ మిమ్మల్ని అందుకుంటాను.

ఆఖరి ముక్క బ్యాండు గురించి పత్రికలవాళ్లు చాలా రాశారు. ఆ పేరులో బోలెడు వేదాంతం ఉందని ఒకాయన రెండు పేజీలు నింపాడు. వేదాంతమూ లేదు, పాడూ లేదు. ఆ పేరు నిమ్మకాయ బార్లనే తీపి ముక్కల వల్ల వచ్చింది. నాకెలా తెలుసంటారా? ఆ బార్లు చేసింది నేనే.

అప్పట్లో, పెద్ద సరస్సు ఒడ్డున ఉన్న మా ఊరు డులూత్‌లో, మా చర్చి కింది హాల్లో ఆదివారం భోజనాలు జరుగుతున్నాయి. మా ఊళ్లో పళ్లెంలో మిగిలిన ఆఖరి ముక్కను ఎవరూ తినరు. సగం కోసుకుని సగం వదిలేస్తారు. తర్వాత వచ్చినవాళ్లు ఆ సగంలో సగం. ఆ రోజు మా పక్కింటి సిగ్నే లిండాల్, గోరంత ముక్కను మళ్లీ రెండు చెయ్యడానికి చాకు పట్టుకుని వంగింది.

ఇంతలో పక్కనుంచి ఒక చెయ్యి వచ్చింది. ముక్క మాయమైంది.

"అబ్బ, ఏం రుచి! ఇంకా ఉన్నాయా?"

పాస్టర్ గారి ఫోర్కు గాల్లోనే ఆగిపోయింది.

ఆ చెయ్యి కార్మైన్ డెలూకాది. న్యూజెర్సీ కుర్రాడు. మా చర్చిలోని గొట్టాల ఆర్గన్ బాగుచెయ్యడానికి వచ్చి మా ఇంట్లో అద్దెకు దిగాడు.

"అది ఆఖరిది," అంది సిగ్నే.

"తెలుసు. అందుకే తొందరపడ్డా."

"మా ఊళ్లో ఆఖరిది తినం."

"మరేం చేస్తారు?"

సిగ్నే ఆలోచనలో పడింది. పుట్టి బుద్ధెరిగాక ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. "ఎండిపోయేదాకా చూస్తాం," అంది.

కార్మైన్ పగలబడి నవ్వాడు. సిగ్నే చెవులు ఎర్రబడ్డాయి. లిండాల్ వాళ్ల పిల్లకు చెవులు ఎర్రబడితే అది కోపమైనా కావాలి, ప్రేమైనా కావాలి. మొహం మాత్రం రెండింటికీ ఒక్కటే.

సిగ్నే భుజాలకు తగిలించుకునే అకార్డియన్ వాయిస్తూ పాడేది. వాళ్లన్నయ్య టోలెఫ్ డ్రమ్స్ వాయించేవాడు. ఆర్విల్ ట్రక్కు అమ్మేశాక ఖాళీ అయిన మా గరాజ్‌లోనే వాళ్ల సాధన. కార్మైన్ గిటారు పట్టుకుని అందులో దూరాడు. ఆర్గన్ పని ఎప్పుడో అయిపోయింది. కానీ వారం వారం ఏదో ఒక గొట్టం మూగబోయేది. సాక్సు దూరిస్తే ఏ గొట్టమైనా మూగబోతుంది. అతని సాక్సులు ఉతికేది నేను. వారం వారం ఒంటి సాక్సే వస్తుంటే నాకు తెలియదా?

కార్మైన్ మొదటి పాట కట్టి వినిపించిన రోజున టోలెఫ్‌ను అడిగాడు, "ఎలా ఉంది బ్రో?"

టోలెఫ్ చాలాసేపు కిటికీలోంచి సరస్సు కేసి చూశాడు. "మరీ చెడ్డగా లేదు."

కార్మైన్ మొహం మాడిపోయింది. "అంటే, బాలేదా?"

"పిచ్చోడా!" అంది సిగ్నే. "మా నాన్న పెళ్లిలో మా అమ్మను చూసి అన్న మాట అదే."

అలా పాటలు పుట్టాయి. ఆ ఆఖరి ముక్క పేరుతోనే క్యాసెట్ వచ్చింది. కాలేజీ రేడియోవాళ్లు వేశారు. శనివారం ఊళ్లో పెద్ద హాల్లో ప్రోగ్రాం కుదిరింది. ఆ వారం మొదట్లోనే, సరస్సు మీదినుంచి వాన విసిరికొడుతున్న సాయంత్రం, గరాజ్‌లో మాటలు నా వంటింటి గోడలోంచి వినిపించాయి. నేను చెవి పెట్టలేదు. గోడే పల్చన.

"సిగ్నే, నాకు తిప్పి మాట్లాడ్డం రాదు. నువ్వంటే నాకు ప్రాణం. పెళ్లి చేసుకుందామా?"

"అయ్యో, వద్దులే. నీకెందుకు శ్రమ?"

వాన చప్పుడు. తర్వాత గిటారు పెట్టె మూసిన చప్పుడు.

"సరే," అన్నాడు కార్మైన్. వెళ్లిపోయాడు.

మా వైపు పద్ధతి ఏమిటంటే, ఏదైనా మొదటిసారి ఇవ్వబోతే వద్దనాలి. రెండోసారీ వద్దనాలి. మూడోసారి "మీరింతగా అంటున్నారు కాబట్టి" అని తీసుకోవాలి. మొదటిసారే చెయ్యి చాపితే ఆశపోతు అంటారు. ఇదంతా న్యూజెర్సీ వాడికేం తెలుసు?

సిగ్నే అకార్డియన్ పెట్టె మీద కూర్చుని రెండోసారి కోసం ఎదురుచూసి, చూసి, నా వంటింట్లోకి వచ్చింది. ముక్కు ఎర్రగా ఉంది.

"ఒక్కసారే అడిగాడు! కాఫీ అయినా మూడుసార్లు అడుగుతారు కదా! నేను కాఫీపాటి చెయ్యనా?"

మర్నాడు కార్మైన్ ఆర్గన్‌లోంచి తీసిన సాక్సులన్నీ చంకలో పెట్టుకొచ్చాడు. "శనివారం ప్రోగ్రాం అయ్యాక మా ఊరు వెళ్లిపోతా లవోన్ గారూ. ఇక రాను."

అతను పోతే సిగ్నే పాడదు. సిగ్నే పాడకపోతే బ్యాండు లేదు. అయినా పక్కవాళ్ల మనసు సంగతి మొహం మీద మాట్లాడడం మా ఊళ్లో లేదు. అందుకని కాఫీ కెటిల్ ఎత్తాను.

"కాఫీ?"

"వద్దండీ."

"పోనీ, అరకప్పు?"

"వద్దు, మనసేం బాలేదు."

"చేసేశాను నాయనా. ఇక పారబోయాలి."

"అయ్యో, పారబొయ్యడమెందుకు? కొంచెం ఇవ్వండి."

"నిన్నెన్నిసార్లు అడిగాను?" అన్నాను, కప్పు నింపుతూ.

అతను కప్పు కేసి చూశాడు. నా కేసి చూశాడు. "మీ ఊళ్లో అన్నీ ఇంతేనా?"

"అన్నీ."

"ముఖ్యమైనవి కూడా?"

"అవైతే మరీనూ."

అతని కళ్లు మెరిశాయి. అంతలోనే తల దించుకున్నాడు. "మళ్లీ అడగడానికి నోరు రాదండీ. వద్దన్న అమ్మాయిని విసిగించకూడదని మా అమ్మ పెంపకం."

"మంచి పెంపకమే. అయితే ఓపిక పట్టు."

"ఈలోగా మీ మర్యాదైనా నేర్చుకుంటా."

నేర్చుకున్నాడు మహానుభావుడు! ఆ వారమంతా భోజనం దగ్గర ఉప్పు ఇస్తే వద్దన్నాడు. తువ్వాలిస్తే వద్దని, మూడోసారి అడిగేదాకా నీళ్లు కారే మొహంతో నిలబడ్డాడు.

నాకు తెలియనిది ఒకటుంది. అదే వారం టోలెఫ్ నోరు విప్పాడు. చెల్లెలితో, "కార్మైన్ వాళ్ల ఊళ్లో ఒక్కసారే అడుగుతారు. ఒక్కసారే చెప్తారు. అంతే," అన్నాడట. ఆ ఏడాది అతను మాట్లాడిన అతి పొడవైన మాట అదే.

శనివారం హాలు నిండింది. నేను వెనకాల కాఫీ పోస్తున్నాను. ఆఖరి పాట ముందు సిగ్నే మైకు దగ్గరికి జరిగింది. చెవులు టమాటాల్లా ఉన్నాయి.

"కార్మైన్ డెలూకా, నన్ను పెళ్లి చేసుకుంటావా?"

లిండాల్ వాళ్ల పిల్ల, మైకులో, సూటిగా! ముందు వరుసలో ఎవరో కుర్చీలోంచి జారారు. కార్మైన్ మొహం వెలిగిపోయింది. నోరు తెరిచాడు. అంతలో పాపం, మర్యాద గుర్తొచ్చింది.

"అయ్యో, వద్దులే. నీకెందుకు శ్రమ?"

సిగ్నే పాలిపోయింది. వాళ్ల ఊళ్లో ఒక్కసారే చెప్తారు కదా! అకార్డియన్ పట్టీలు విప్పడం మొదలుపెట్టింది. కార్మైన్ మాత్రం రెండోసారి కోసం బుద్ధిగా, చిరునవ్వుతో నిలబడ్డాడు. తలుపు కేసి కదిలిన సిగ్నేను చూసి ఆ నవ్వు కాస్తా వంకర తిరిగింది.

మా కోళ్ల గూడు అంటుకున్నప్పుడు కూడా నేను గొంతు పెంచలేదు. ఆ రోజు కాఫీ కెటిల్ ఊపుతూ అరిచాను.

"సిగ్నే! వాడికి నేను మన మర్యాద నేర్పానే తల్లీ! మళ్లీ అడుగు!"

ఆమె ఆగింది. వెనక్కి తిరిగింది. కార్మైన్ గట్టిగా తలూపాడు.

"పోనీ," అంది సిగ్నే, నవ్వు ఆపుకుంటూ, "సగం పెళ్లి?"

"వద్దొద్దు. నీకు మిగలదు."

హాలంతా ముందుకు వంగింది. అందరికీ తెలుసు, ఇంకొక్కటే ఉంది.

"చూడు కార్మైన్. ప్రేమించేశాను. నువ్వు తీసుకోకపోతే ఇక పారబోయాలి."

"అయ్యో, పారబొయ్యడమెందుకు?" అతను రెండు చేతులూ చాపాడు. "ఇలా ఇచ్చెయ్. మొత్తం."

మా లెక్కన "కొంచెం" అనాలి. ఎంతైనా న్యూజెర్సీ వాడు. ఈసారి మాత్రం ఎవరూ తప్పు పట్టలేదు.

డ్రమ్స్ వెనకనుంచి టోలెఫ్ అన్నాడు, "మరీ చెడ్డగా లేదు." అని ఆఖరి పాట మొదలెట్టాడు.

పెళ్లి మా చర్చిలోనే జరిగింది. ఆర్గన్ వాయిస్తుంటే ఒక స్వరం పలకలేదు. కార్మైన్ ఒక సాక్సు తియ్యడం మర్చిపోయాడు. ఆ పెళ్లి పాటను బ్యాండు అలాగే రికార్డు చేసింది. మొన్న రెండు పేజీలు రాసిన ఆ పత్రికాయన, ఆ పలకని స్వరం గొప్ప ప్రయోగమన్నాడు.

ఆ సాక్సు జతలో రెండోది నా దగ్గరుంది. ఆయనకు కావాలంటే ఇస్తాను. మూడుసార్లు అడగమనండి.

లవోన్ హాల్వర్సన్, ఎనభై ఒక్కేళ్లు. ఇప్పుడు టూ హార్బర్స్ అనే పక్క ఊళ్లో, సిగ్నే వాళ్ల ఇంటి మేడ మీద గదిలో ఉంటున్నాను. రమ్మని వాళ్లు మూడుసార్లు అడిగారు.